కట్ట తెగిన చోట

కాలుతున్న తుమ్మకంప వాసన.

శనివారం సాయంత్రం అయిందంటే కోయిలకుంట్ల వైపు పోయే రైలుకట్ట మీద అదే వాసన. గాలి లేని రోజు పొగ పైకి పోదు. కట్ట వారగా పాకుతుంది. ఇంటికి మళ్లిన గొర్రెలు తుమ్ముతాయి. మనుషులు కళ్లు తుడుచుకుంటారు, తిట్టుకుంటారు, మళ్లీ కొడవలి పట్టుకుంటారు.

రైలుకట్ట అంటారు గానీ, రైలు లేదు.

ఒకప్పుడు ఉండేది. గనుల నుంచి నాపరాళ్లు మోసుకుపోయే చిన్న రైలు. మనుషుల కోసం వేసిన రైలు కాదు. అయినా మనుషులు ఊరుకుంటారా? బండల మీదెక్కి కూర్చునేవాళ్లు. గార్డు చూసీ చూడనట్టు పోనిచ్చేవాడు.

తర్వాత యుద్ధం వచ్చింది. ఎక్కడో, ఎవరిదో యుద్ధం. దానికి ఇనుము కావాలన్నారు. పట్టాలు ఊడబెరికారు. కింది దిమ్మెలు ఊడబెరికారు. వంక మీద వంతెనగా ఉన్న ఇనుప దూలాలు కూడా విప్పి తీసుకుపోయారు.

కట్టను మాత్రం ఎవరు ఎత్తుకుపోగలరు?

అది మిగిలింది. నల్లరేగడి చేల నడుమ... ఎత్తుగా, తిన్నగా, ఎవరిదీ కాకుండా.

ఎవరిదీ కాకపోవడమే దాని గొప్ప.

రేగడి నేల సంగతి అందులో నడిచినవాళ్లకే తెలుసు. ఎండాకాలం కాలు ఇరుక్కునేంత నెర్రెలు. నాలుగు చినుకులు పడితే చాలు, అడుగు తీసి అడుగు వేస్తే నేల సగం కాలితో పాటే వస్తుంది. బండి ఇరుసు దాకా దిగబడుతుంది. అప్పుడు దారి అనేది కట్ట ఒక్కటే. బండలు మోసే గాడిదలు దాని మీదే. సంతకు పోయే గంపలు దాని మీదే. గొర్రెలు, పోస్టుమాను సైకిలు, పెండ్లివారి బండ్లు, పాడెలు... అన్నీ దాని మీదే. నూర్పిళ్ల రోజుల్లో కొర్ర వెన్నులు దాని మీద పరిచి బండ్లతో తొక్కించేవాళ్లు. మిరపపండ్లు ఎండబోసేవాళ్లు. వాటి పక్కన ఎవడో ఒకడు గొంగడి పరుచుకుని నిద్రపోయేవాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఊళ్లో రెడ్ల వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచే పల్లె జనం, కట్ట మీద చెప్పులు వేసుకుని నడిచేవాళ్లు.

ఎవరూ అడగలేదు. అడగడానికి అది ఎవరి వాకిలీ కాదు.

పల్లె అంటే ఊరికి దూరంగా, కట్టకు దగ్గరగా ఉన్న ఇళ్లు. చర్చికి పోయేవాళ్ల ఇళ్లు. చర్చి వంకకు అవతల ఉంది. ఆదివారం పొద్దున దేవుడి దగ్గరికి పోయే దారిలో ముల్లు ఉండకూడదని, ఆ పల్లెలోనే ఉండే రాహేలమ్మ పెట్టిన కట్టుబాటు. అందుకే శనివారం కంప కొట్టడం, కాల్చడం, వాన కోసేసిన చోట గంపెడు మట్టి వేయడం. సోమవారం సంత. ఆదివారం కోసం బాగుపడిన దారిలో సోమవారం ఊరంతా నడిచేది. అట్లా నడిచీ నడిచీ ఊరివాళ్లకే సిగ్గేసింది. ఒక శనివారం ఇద్దరొచ్చారు. తర్వాతి శనివారం ఎడ్లబండే వచ్చింది. కొన్నాళ్లకు ఒక వాడుక పుట్టింది — కట్ట మీద ఊరేగిన పెండ్లికొడుకు, ఏ కులం వాడైనా సరే, దిగేముందు ఒక గంప మట్టి వేసి పోవాలి. బాసికం నుదుట వేలాడుతుంటే, కొత్త పంచె మట్టికొట్టుకుంటుంటే, మరదళ్లు పడీ పడీ నవ్వుతుంటే.

రాహేలమ్మకు నోరెక్కువ. పని అంతకంటే ఎక్కువ.

ఆమె అందరినీ తిట్టేది. ఒక్క శాంతయ్యను తప్ప.

శాంతయ్య ఆమె భర్త. రైలున్న రోజుల్లో ఇదే కట్ట మీద కంకర కొట్టినవాడు. రైలు పోయాక గనిలో బండలు తీశాడు. ఒక రోజు రాతి పెళ్ల ఎగిరి కంట్లో పడింది. ఆ కన్ను పోయింది. దాని వెనకే రెండోది మసకబారింది... మసకబారి, మసకబారి, ఒక ఎండాకాలం పూర్తిగా చీకటైపోయింది.

ఇంట్లో శాంతయ్య గుడ్డివాడే. కడవ తన్నుకునేవాడు. గడప తట్టుకునేవాడు. మనవరాళ్ల మీద అరిచేవాడు, అరిచి బాధపడేవాడు.

కట్ట మీద కాదు.

కట్ట మీద మలుపు లేదు, మెట్ట లేదు, పల్లం లేదు. నడుమ కంకర గరగరమంటుంది. అంచుకు పోతే మెత్తగా తగులుతుంది. అరికాలికి అంతకంటే ఏం కావాలి? కట్టె చంకలో పెట్టుకుని, చేతులు వెనక కట్టుకుని, పొలం చూసుకునే ఆసామిలా నడిచేవాడు. ఎదురుగా వచ్చేది రెడ్డో, గొర్రెల కాపరో ఆయనకు తెలియదు. పక్కకు తప్పుకునేవాడు కాదు. రెడ్లే తప్పుకునేవాళ్లు. రాహేలమ్మ దూరం నుంచి చూసి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

ఆమెకు లోకంలో అంతకంటే ఇష్టమైన దృశ్యం లేదు.

కానీ ఆ నడక వంక దాకానే.

ఇనుప దూలాలు విప్పుకుపోయిన చోట కట్ట తెగి ఉండేది. కళ్లున్నవాళ్లు వంకలోకి దిగి, ఇసుకలో నడిచి, అవతల ఎక్కేవాళ్లు. శాంతయ్యను చెయ్యి పట్టుకుని దించాలి. చెయ్యి పట్టుకుని ఎక్కించాలి. ఒకసారి దిగుతూ జారాడు. చుట్టూ ఉన్నవాళ్లు అయ్యో అన్నారు. ఆ అయ్యో ఆయనకు దెబ్బకంటే ఎక్కువ తగిలింది. మళ్లీ దిగలేదు. చర్చి మానేశాడు. సంత మానేశాడు. రోజూ తెగిన అంచు దాకా పోయి, కాసేపు కూర్చుని, వెనక్కి వచ్చేవాడు.

అంచు అవతల లోకం ఉంది. అంచు ఇవతల శాంతయ్య.

ఇంతలో కరువు వచ్చింది.

ఒక ఏడు వాన లేదు. మరుసటేడూ లేదు. ఆ పై ఏడూ లేదు. బావుల్లో రాయి కనిపించింది. వంకావతల గంజి కేంద్రం పెట్టారు. జనం సత్తు గిన్నెలు పట్టుకుని బారులు తీరారు. శాంతయ్య పోలేదు. చెయ్యి పట్టుకుని దింపించుకుని గంజి కోసం నిలబడలేనన్నాడు. రాహేలమ్మ తన గిన్నె తెచ్చి ఇద్దరికీ పంచేది. ఆ గంజి పంచుతూ పంచుతూనే ఆమెకు ఆలోచన వచ్చింది.

వంకను పూడ్చేద్దాం.

అందరికీ నచ్చింది! పనుల్లేవు. చేతులు ఖాళీ. గని దగ్గర పనికిరాని రాతిముక్కలు గుట్టలుగా పడి ఉన్నాయి. గంప మీద గంప. గంజి తాగి వచ్చి ఒక గంప, నీడ తిరిగాక ఒక గంప. కింద రాళ్లు, పైన మట్టి, ఆ పైన మళ్లీ కంకర. ఊరివాళ్లూ బండ్లు తోలారు. వాళ్లలో నరసన్న కూడా ఉన్నాడు. వంకకు ఎగువన చేను ఉన్న రెడ్ల రైతు. గొంతు పెద్దది, మనసు మెత్తది. ఆ మెత్తదనం బయటపడుతుందేమోనని గొంతు ఇంకా పెంచుతాడు.

కట్ట మళ్లీ ఒక్కటైంది.

ఆ ఆదివారం శాంతయ్య ఒక్కడే నడిచి చర్చికి పోయాడు. ఒక్కడే. తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని. తలుపు దగ్గర ఆయన్ను చూసి పాట పాడుతున్నవాళ్లు పాట మరిచిపోయారు. రాహేలమ్మ వెనక వరసలో కూర్చుని, ప్రార్థన అయ్యేంతసేపూ ఏడ్చింది. సంతోషంతోనే. అంత సంతోషం ఆ కరువులో ఎక్కడిదో మరి.

ఎవరికీ నీళ్లు గుర్తురాలేదు.

గుర్తుంచుకోవడానికి నీళ్లేవి? మూడేండ్లుగా వంకలో ఇసుక తప్ప ఏమీ పారలేదు. పిల్లలకు అది ఆడుకునే చోటు. పెద్దలకు బహిర్భూమి. వంక అంటే నీళ్ల దారి అని ఊరు ఊరంతా మరిచిపోయింది. వానలున్న సీమల్లో ఇంత పొరపాటు ఎవరూ చేయరు. ఇక్కడ అందరూ కలిసి, ఇష్టంగా, పాటలు పాడుకుంటూ చేశారు.

కర్నూలు రాజధాని అవుతుందని జనం చెప్పుకుంటున్న రోజులు. ఆ ఏడు తొలకరి జల్లులకు కొర్ర మొలిచింది గానీ, వంక పారేంత వాన ఇంకా లేదు. ఉత్తర కార్తె.

వాన వచ్చింది.

మొదటి రోజు ఎవరూ ఇంట్లో లేరు. ముసలివాళ్లు కూడా వాకిట్లో తడిశారు. రెండో రోజూ వాన. ఎద్దులు తలలు ఎత్తి నిలబడ్డాయి. మూడో రోజు పొద్దున నరసన్న కేకలు వినిపించాయి.

వంక ఎన్నాళ్లకో పారింది. పారి, కట్ట దగ్గరికి వచ్చి, ఆగింది. దారి లేదు. వెనక్కి తన్నింది. ఎగువన నరసన్న చేలో కొర్ర వెన్నువేసి, గింజ పాలుపోసుకుని ఉంది. కరువు తర్వాత మొదటి పంట. అది నడుము లోతు నీళ్లలో నిలబడి ఉంది.

నరసన్న ఇద్దరు జీతగాళ్లతో కట్టెక్కాడు. గడ్డపారలు, పారలు.

రాహేలమ్మ అడ్డం నిలబడింది.

"యాడ తవ్వుతావు రెడ్డీ? ఇది నీ చేను గాదు."

"చేను మునిగిపోయె! నా కొంప మునిగిపోయె! ఈ రాళ్లు తీయకపోతే పిల్లోళ్లకు ఏం పెట్టేది? నువ్వు పెడతావా?"

"పూడ్చేటప్పుడు నువ్వూ బండి తోలితివి గదా!"

"తోల్తి. బుద్ధి లేక తోల్తి. ఇప్పుడు తెగ్గొడతాండా. అడ్డం తప్పుకో."

ఆమె తప్పుకోలేదు. నోటికొచ్చినవన్నీ అంది. నరసన్న తాతల దాకా పోయింది. అని అని ఆయాసపడి, ఏమనుకుందో ఏమో, గబగబా కట్ట దిగింది. నీళ్లలోకి. చేలోకి.

మోకాళ్లు. నడుము. చేత్తో తడిమింది. నీటి కింద కొర్ర వెన్నులు చేతికి తగిలాయి, మెత్తగా, తోకల్లాగా.

ఆ చేలో కలుపు తీసింది ఆమే. తనూ, పల్లె ఆడవాళ్లూ. ఏ సాలు ఎక్కడ వంకరపోయిందో ఆ చేతులకు తెలుసు. కోతకు వచ్చేదీ తామే. ఇది నరసన్న చేనే, కానీ ఈ ఏడు పల్లెలో అందరి కుండల్లోకి రావలసిన కొర్ర కూడా ఇదే.

నీళ్లలో నిలబడి రాహేలమ్మ కట్ట వైపు చూసింది. కట్ట తెగితే కొర్ర బతుకుతుంది. కట్ట తెగితే శాంతయ్య మళ్లీ అంచు ఇవతలివాడు.

ఎంతసేపు నిలబడిందో. నరసన్న కూడా కేకలు ఆపేశాడు. గడ్డపార చేతిలో ఉంది, ఎత్తలేదు. ఎత్తితే ఎవరు ఆపగలరు? అయినా ఎత్తలేదు.

ఆమె తడి చీరతో పైకి వచ్చింది. చెయ్యి చాపింది.

"ఇట్లా తే."

జీతగాడి చేతిలోంచి పార లాక్కుంది. మొదటి దెబ్బ ఆమే వేసింది. తను పూడ్చిన చోట, తన చేత్తో.

పల్లె కదిలింది. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. గంపలొచ్చాయి, పారలొచ్చాయి. వానలో, బురదలో, పేర్చిన రాళ్లను మళ్లీ ఒక్కొక్కటే ఊడదీయడం. కట్టడం కన్నా విప్పడం కష్టంగా ఉంది. అది చేతులకు సంబంధించిన కష్టం కాదు.

కంకర మీద గరగరమని అడుగుల చప్పుడు.

శాంతయ్య.

అందరూ ఆగారు. వాన ఆగలేదు.

"ఎవురు తవ్వేది?" అన్నాడు.

 లోకాన్నంతా తిట్టే రాహేలమ్మ పార కింద పెట్టింది. "నేనే," అంది.

శాంతయ్య తల వంచుకున్నాడు. వానలో తడుస్తూ ఉన్నాడు. కింద నీళ్లు కట్టను తోస్తున్న చప్పుడు ఆయన వింటున్నాడు. చేను ఎక్కడుందో, ఎవరిదో, అందులో ఏముందో ఆయనకు చెప్పనక్కర్లేదు.

"చేను మునిగిందా?"

"మునిగింది."

మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముందుకు పాకాడు. చేత్తో తడిమి, ఒక రాయి వెతుక్కుని, ఊడబెరికి పక్కన వేశాడు. ఇంకోటి వెతుక్కున్నాడు.

నరసన్న మొహం అటు తిప్పుకున్నాడు. వానలో అందరి మొహాలూ తడిగానే ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

మధ్యాహ్నానికి నీళ్లు దారి చూసుకున్నాయి. ముందు సన్నగా, తర్వాత ఎర్రగా, ఆ తర్వాత హోరుమంటూ, మిగిలిన మట్టిని మనుషుల అవసరం లేకుండా అవే కోసుకుంటూ పోయాయి. సాయంత్రానికి కొర్ర తలలు పైకి వచ్చాయి. సగం వాలిపోయాయి. సగం నిలబడ్డాయి.

సగమైనా నిలబడ్డాయి.

శాంతయ్య ఇల్లు కదలడం మానేశాడు.

కోపం లేదు. మాట కూడా లేదు. మంచం మీద కూర్చునేవాడు. అన్నం పెడితే తినేవాడు. రాహేలమ్మ శనివారం కంప కొట్టడానికి పోతూ, "రారాదా, అంచు దాకా," అనేది. తల అడ్డంగా ఊపేవాడు. ఆమె కట్ట మీదికి పోయి ఎవర్నో ఒకర్ని ఊరికే తిట్టేది.

కొర్ర కోసి, నూర్చి, ఇళ్లకు చేర్చాక నరసన్న ఒక పొద్దున పల్లెకు వచ్చాడు. లోపలికి రాలేదు, వేపచెట్టు దగ్గర నిలబడ్డాడు. పిల్లలు పోయి రాహేలమ్మను పిలుచుకొచ్చారు.

"మా ఇంటి ముందర పెద్ద బండలు పడుండాయి," అన్నాడు, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు. "పంచకు అని తెప్పించినా. కరువులో పంచ యాడిది, ఇల్లు యాడిది? ఊరికే పడుండాయి. వంక మీద ఏసుకుంటారా?"

రాహేలమ్మ ఆయన మొహం చూసింది.

"నువ్వేం ఊరికే ఇయ్యవులే రెడ్డీ. నీ గంపలు సంతకు పోవాల గదా."

"పోవాల. ఏం, పోగూడదా?"

"పోవాల," అంది ఆమె. ఆమె గొంతు అంత మెత్తగా ఉండటం నరసన్న ఎప్పుడూ వినలేదు. కంగారుపడి వెళ్లిపోయాడు.

ఈసారి నీళ్లను ఎవరూ మరిచిపోలేదు. వంక నడుమ రాతి దిమ్మె కట్టారు, నీళ్లు రెండు పక్కలా పోయేట్టు. ఇవతలి అంచు నుంచి దిమ్మె దాకా ఒక బండ, దిమ్మె నుంచి అవతలి అంచు దాకా ఒక బండ. ఎడ్లు లాగాయి, ఊరు తోసింది, పల్లె మోసింది. నరసన్న టెంకాయ కొట్టాడు. అదే సమయంలో రాహేలమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. టెంకాయ నీళ్లు చిట్లి ఆమె మీద పడ్డాయి. ఇద్దరూ ఏమీ అనుకోలేదు.

బండలు వెడల్పు లేవు. ఒక్క మనిషి పట్టేంత. బండ్లు పోవాలంటే పక్కన ఇంకా వేయాలి. వచ్చే ఏడు వేద్దామన్నారు, పంటలు పండితే.

పండకపోతే ఆ పై ఏడు.

సోమవారం. సంత రోజు. తెల్లారిందో లేదో కట్ట మీద జనం. రాహేలమ్మ శాంతయ్య ముందు ఉతికిన చొక్కా పెట్టింది.  ఆయన దాన్ని తడిమి చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత లేచాడు.

ఆమె చెయ్యి పట్టుకోలేదు. ముందే పోయి, బండ దాటి, అవతల నిలబడింది. అక్కడ నరసన్న ఉన్నాడు. చీకటితోనే పోయి సంతలో గంపలు దించి, తిరిగి ఇంటి దారి పట్టినవాడు. ఆయన దాటవలసిన బండ మీదికి శాంతయ్య ఇవతలి అంచు నుంచి వస్తున్నాడు.

కంకర. గరగర. తర్వాత మెత్తటి మట్టి. తర్వాత కట్టె కొస టక్కుమని రాయికి తగిలింది.

శాంతయ్య ఆగాడు. చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు. రాహేలమ్మకు రెడ్ల వీధి గుర్తొచ్చింది — ఎవరో ఎదురున్నారని తెలిసి విడిచాడా? కాదు. అరికాలు బండకు ఆనించి చూసుకుంటున్నాడు. ఒక అడుగు. ఇంకో అడుగు.

"నిదానంగా రాప్పా శాంతయ్యా," అన్నాడు నరసన్న. "నాకేం తొందర లేదు."

నడిమి దిమ్మె దగ్గరికి వచ్చి శాంతయ్య నిలబడిపోయాడు. ఏమైంది... అని ఆమె నోటిదాకా వచ్చింది. మింగేసింది. పిలిస్తే అది చెయ్యి పట్టుకున్నట్టే.

ఆయన తల ఒక పక్కకు వంచాడు. కాళ్ల కింద నీళ్లు పోతున్నాయి. వంకలో నీళ్లు... రెండు పాయలుగా, రాళ్లను ఒరుసుకుంటూ.

"శానా ఉండాయా?" అన్నాడు.

"శానా ఉండాయి," అంది రాహేలమ్మ.

శాంతయ్య నవ్వాడు. చెప్పులు పక్కన పెట్టాడు. కట్టె పక్కన పెట్టాడు. బండ మీద, దారికి అడ్డంగా, కాళ్లు కిందికి వేలాడేసుకుని కూర్చున్నాడు.

వెనక గంపలవాళ్లు వచ్చి ఆగారు. వాళ్ల వెనక గాడిదలు ఆగాయి. పోస్టుమాను సైకిలు దిగాడు. అవతల నరసన్న తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, కట్ట మీదే చతికిలపడ్డాడు.

లెమ్మని ఎవరూ అనలేదు.